తెర వెనుక తీగపాకము

శ్రావణమాసపు ముసురు రామచంద్రపురములోని పెంకుటిండ్ల చూరులనుండి సన్నని ధారలుగా జాఱుచు వీథిలోని గోతులనన్నింటిని సమముగా నింపి ఏది లోతో ఏది మెట్టయో బాటసారులకు తెలియకుండ జేసి పెండ్లివారి తొందరను మిఠాయి యంగళ్ళవారి యాశను ఏకకాలమున వర్ధిల్లజేయుచున్న యొకానొక ప్రభాతసమయమున, లోకమున బావగారనువారు అందఱకును గలరు గాని మా బావగారిని భరించువారికి మాత్రము ఏదైన ప్రత్యేకభృతి యేర్పాటు చేయవలసియుండెనని మనసున ననుకొనుచు నేను వారి దుకాణపు మెట్లెక్కితిని.

ఆ మహానుభావునకు గవర్రాజుగారని పేరు. నా పెనిమిటికి జ్యేష్ఠభ్రాత. మడతకాజా నిర్మాణమునందు తమంతటివారు గోదావరికి ఈ యొడ్డున లేరనియు ఆ యొడ్డుసంగతి తాము విచారింపలేదనియు వినయముగా జెప్పుకొనువారు. దుకాణపు బల్లమీద తమ పేరునకు ముందు 'పాకబ్రహ్మ' యని వ్రాయించుకొనిరి. ఆ బిరుదమును ప్రదానము చేసిన సభ యేదియని యడిగినవారు లేరు. బల్ల వ్రాసిన చిత్రకారునకు మాత్రము కాజాలు ముట్టినవి.

వారి పాకశాలయందు తండ్రిగారి కాలమునుండి యొక యాచారము కలదు. పిండి కలుపుట మడతలు వేయుట నూనెలో వేచుట యెల్లరి కన్నులయెదుటనే జరుగును గాని పంచదార పొయ్యిమీద బుడగలెత్తి పక్వమునకు సమీపించు వేళకు గదికి అడ్డముగా దట్టమైన నీలపు దుప్పటి తెరగా దిగును. పనివారందఱును వెలుపలికి నడువవలెను. పరుల దిష్టి తగిలిన పాకము తీగ సాగదని చెప్పు కారణము. పాకము చూచినవాడు మఱునాడే యెదుటివీథిలో వేఱొక యంగడి తెఱచుననునది చెప్పని కారణము.

ఇట్టి రహస్యపరాయణులు ప్రభుత్వమువారి అప్రెంటిసు పథకమునందు తమ దుకాణమును నమోదు చేయింపబూనిరన్న వార్త ఏడాదికి పూర్వము చెవిని బడినప్పుడే మా కుటుంబము నివ్వెఱపోయెను. పని నేర్చుకొనుటకు వచ్చినవారికి యజమాని నెలనెల నిచ్చు భృతిలో కొంత ప్రభుత్వమే తిరిగి చెల్లించునని తోటివర్తకు డెవ్వడో చెప్పగా ఆ యొక్క మాటతోనే వారి చెవులు నిండిపోయి తక్కిన మాటలకు చోటు చాలలేదు. నమోదుపని చదువుకొన్న మఱదలినని నాకు అప్పగింపబడెను.

“షరతులు చదివి వినిపించమంటారా బావగారూ?” అని యడిగితిని.

“అవన్నీ ఎందుకమ్మా. సరే సరే అని నొక్కుకుంటూ పో. గవర్నమెంటోళ్ళు రాసినవి ఎవరు చదువుతారు?”

నేను నొక్కుకొనుచు పోయితిని. చదువుచునే నొక్కితిని. నేర్పువారి పేరు వ్రాయవలసినచోట తమ పేరునే వ్రాయుమనిరి. వ్రాసితిని.

అటుపిమ్మట వచ్చిన యభ్యాసకురాలు నూకరత్నము. పదవతరగతి వఱకు చదివి జీడిపిక్కల కార్ఖానాలో పిక్కలు కొట్టి కొట్టి ఆ జిడ్డునకు అఱచేతులు నల్లబాఱిన స్త్రీ. ఈ శిక్షణ ముగిసిన పిదప బయటివారు పెట్టు పరీక్షలో నెగ్గినచో దేశమంతట చెల్లు యోగ్యతాపత్రము చేతికి వచ్చును. అది చూపినయెడల విశాఖపట్టణములోని యొక పెద్ద హోటలువారు మిఠాయిల విభాగమున ఉద్యోగ మిత్తుమనిరి. ఓడినచో మరల ఆ కార్ఖానా పొగయే గతి.

వచ్చిన కొలది దినములకే మొదటి పిడుగు పడెను.

“నూకరత్నం, బజారుకెళ్ళి వంకాయలు పట్రా. లేతవి చూసి తే.”

“ఆయ్, వంకాయలు మన సిలబస్సులో లేవండి గురువుగారండి.”

నూనెలో కాజాలు వేచు మేస్త్రి చిల్లుల గరిటెను గాలిలోనే నిలిపివేసెను. తరతరములుగా ఆ దుకాణమున పని నేర్చుకొనవచ్చినవారెల్లరు వంకాయలతోడనే విద్యారంభము చేసియుండిరి.

“నేర్చుకునే పని తప్ప వేరే పని చెప్పకూడదని ఒప్పందంలో ఉందండి. క్లాసులున్న రోజున పంపించాలని కూడా ఉందండి.”

బావగారు నావైపు చూచిరి. “ఏమ్మా, ఇలాగుందా అందులో?”

“ఉంది బావగారూ.”

“మరి చెప్పలేదేం?”

“మీరే నొక్కుకుంటూ పొమ్మన్నారు గదండీ.”

ఆనాడు తీఱికగా చదివి వినిపించితిని. యజమాని భృతి నిచ్చుచు పనిలోనే పనిని నేర్పవలెననియు, శాస్త్రపాఠములు శిక్షణాలయమున జరుగుననియు, పాఠ్యక్రమమునందలి ప్రతియంశమును పేరు వ్రాయబడిన శిక్షకుడు చూపి యామె చేతితో చేయింపవలెననియు, ముగిసిన తరువాత ఉద్యోగ మిచ్చితీరవలెనని యజమానికి గాని అచటనే యుండితీరవలెనని యామెకు గాని నిర్బంధము లేదనియు, నేర్పుదునని యొప్పుకొని నేర్పనివాడు పరిహారము చెల్లింపవలసియుండుననియు నేను చదువుచుండగా బావగారి ముఖము వేగిన కాజా వన్నెనుండి పచ్చిపిండి వన్నెకు దిగెను.

నాటినుండి వారు నేర్పిరి. సత్యమే పలుకవలెనన్న బాగుగనే నేర్పిరి. పిండిలో డాల్డా ఎంత పట్టునో కొలిచి చూపిరి, మడత విడకుండ నొక్కుట నేర్పిరి, నూనె వేడి వాసనచే కనిపెట్టుట నేర్పిరి. పాకము వేళకు మాత్రము తెర దిగెను. నూకరత్నము తక్కినవారితో వెలుపల నిలిచి వాన చూచెడిది.

“పాకం ఎప్పుడు నేర్పుతారండి?”

“టైమొచ్చినప్పుడు.”

“పరీక్షకి టైమొచ్చేసిందండి గురువుగారండి.”

నేను మెట్లెక్కిన ఆ శ్రావణప్రభాతమున పరీక్ష సమీపించియుండెను. పొరుగువారి పెండ్లికి కాజాలు పురమాయింపవచ్చిన నేను పాకశాల గుమ్మమున నిలిచియుండగా యథావిధిగా తెర దిగెను. మేస్త్రి బయటికి వచ్చెను. నూకరత్నము రాలేదు. తడిచేతిని చీరకు తుడుచుకొని తెరయంచును పట్టుకొని పైకెత్తెను.

ఆ వెనుక గాంచిన దృశ్యమును వర్ణించుటకు నేటికిని నాకు ధైర్యము చాలదు. సకలకాజాసామ్రాజ్యచక్రవర్తియు స్వయంప్రదత్తబిరుదాంకితుడునగు పాకబ్రహ్మ పీటమీద కూర్చుండి యొడిలో రెండుచేతులు పెట్టుకొని పెండ్లిలో వియ్యంకునివలె నూరకుండగా, ఈ వేళకు పెరటి గదిలో పూజ చేసికొనుచుండునని యిన్నియేండ్లుగా మేమెల్లరము నమ్మిన నా తోడికోడలు సుభద్రమ్మ పొయ్యియొద్ద నిలిచి బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ పాకపుబొట్టును సాగదీసి ఆ సన్నని తీగను దీపమునకెదురుగా పరికించుచుండెను. పెరటివాకిలి ఓరగా తెఱచియుండెను.

 

“చూసింది చాలు గానీ, ముందు బాణలి దించండి. ముదిరిపోతుంది” అనెను సుభద్రమ్మ.

నూకరత్నమే దించెను.

విషయమంతయు రెండుమూడు మాటలలో తేలెను. మిఠాయిలు చేయు బావగారికే మధుమేహము వచ్చి వ్రేళ్ళ కొనలు స్పర్శ కోల్పోగా తీగ సాగినదో లేదో తెలియక యొకనాడు చూచిపొమ్మని భార్యను పిలిచిరి. ఆ పిలుపు నిత్యవ్రతమయ్యెను.

“వేళ్ళకి తెలీటంలేదని ఎవరితోనూ అనొద్దన్నారు. అనలేదు” అని యామె చేయి కడుగుకొనెను.

ఒకే యింటికోడండ్రమై పండుగలకు పబ్బములకు ఒకే పంక్తిని భుజించిన నాకు ఈ సంగతి తెలియలేదు గదా యనుకొంటిని. పెండ్లికాజాల మాట పూర్తిగా మఱచితిని.

బావగారికి ముందుగా కోపము వచ్చెను. “ఒప్పందం రద్దు చేయించేస్తాను.”

“చేయించొచ్చు బావగారూ. కారణం చెప్పాలి.”

“చెబుదాం.”

“ఏమని? తెర ఎత్తి చూసిందనా?”

కోపము తగ్గిన తరువాత యుక్తి వచ్చెను. “సరే నూకరత్నం, మా ఆవిడే చూపిస్తుంది. తెర లోపలే. పేరు మాత్రం నాదే ఉంటుంది.”

“అలాగైతే నాకు కుదరదండీ” అనెను సుభద్రమ్మ. ఆ దంపతుల జీవితమున ఆ పదము ఆ దిశనుండి వెలువడుట అదే ప్రథమము గావలయును. బావగారు వెనుక నెవరైన పలికిరేమో యని తిరిగి చూచిరి. “ఆ పిల్ల నెగ్గితే నేను నేర్పేననాలి. ఓడినా నేనే సరిగ్గా నేర్పలేదనాలి. ఎవరిదో పేరు పెట్టుకుని ఇంక నేను పాకం ముట్టను.”

నూకరత్నము తల వంచుకొని నిదానముగా బలికెను. “నన్ను వేరే దుకాణానికి మార్చమని ఆఫీసులో అడుగుతానండి. గురువుగారి మీద కోపం లేదండి. నాకు పరీక్ష ఉందండి.”

మఱునాడు శిక్షణాకార్యాలయమున మేమందఱము బల్లలమీద వరుసగా కూర్చుంటిమి. మావలెనే తమ తమ యభ్యాసకులతో వచ్చిన వర్తకులు కొందఱు అచట నుండిరి. వారిలో ఇరువురు మా కాజాలు తినువారే. అధికారిణి వయసున చిన్నది, స్వరమున మెత్తనిది, ప్రశ్నయందు మాత్రము సూదివంటిది.

“గవర్రాజుగారూ, ఈవిడకి పాకం నేర్పేరా?”

“సుమారుగా అండి.”

“పరీక్షలో సుమారుగా అడగరండి. దుకాణం మార్చితే ఇప్పటిదాకా నేర్చుకున్నది మళ్ళీ మొదటికొస్తుంది, ఈ పరీక్షకి అందదు. మీ దగ్గర పాకం తెలిసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే శిక్షకుల పేరు మార్చుకోవచ్చు. నేర్పడానికి వ్యవధి ఇంకా ఉంది. కాకపోతే ఇదివరకటి పేరు ఎందుకు మారుస్తున్నారో మీ నోటితో చెప్పాలి.”

నూకరత్నము నల్లబాఱిన యఱచేతులను మోకాళ్ళమీద బోర్లించి యుంచుకొని నేలవైపు చూచుచుండెను. సుభద్రమ్మ కిటికీలోనుండి వాన చూచుచుండెను. నావైపు చూచి ప్రయోజనము లేదని బావగారికి అప్పటికే తెలిసియుండెను.

వారు లేచిరి. తిమ్మిరెక్కిన కుడిచేతి వ్రేళ్ళను ఎడమచేతితో నొక్కుకొనిరి. అచటివారందఱు వినునట్లు, సరకు పేర్లు చెప్పునట్టి గొంతుతోనే మొదలుపెట్టిరి గాని నడుమనే ఆ గొంతు దిగిపోయెను.

“మా ఆవిడ పేరు రాయండి మేడంగారు. దుకాణంలో పాకం పట్టేది ఆవిడే. ఎన్నో ఏళ్ళబట్టీ ఆవిడే. నా వేళ్ళకి తెలీదండి. ఈ పిల్లకి నేను నేర్పలేదు, నేర్పలేను కూడాను.”

అధికారిణి వ్రాయుచుండెను. ఇక కూర్చుందురనుకొంటిమి. వారు కూర్చుండలేదు. కిటికీయొద్దనున్న మనిషివైపు తిరిగి, మా యింట నెవ్వరును వారి నోట విని యెఱుగని మాటను మెల్లగానే యైనను స్పష్టముగా పలికిరి.

“తప్పు నాదే సుభద్రా.”