అక్క చేతులకు పట్టే చోటు

ఫాస్ట్ పెడితే పది నిమిషాలు, స్లో పెడితే గంట పైనే, వీడియోని ఫైలుగా మార్చే ఈ సాఫ్ట్‌వేర్ మహాతల్లికి మధ్యేమార్గం తెలియదు కాబోలు అనుకుంటూ ఆమె గడియారం చూసింది, పదిన్నర, పదకొండింటికి పక్క భవనంలోని బధిరుల బడిలో తెర మీద వేస్తారు, మూడొందల మంది పిల్లలు, అక్క చెప్పే మొదటి వీడియో పాఠం, పుట్టుకతోనే చెవులు వినపడని అక్క, రెండు చేతులతో మబ్బు పట్టించి వాన కురిపించేస్తుంది, అబ్బ, ఏం చేతులవి, వేళ్ళన్నీ చకచకా కదిలే ఆ వానే ఫైలుగా మార్చడానికి అన్నిటికన్నా కష్టమైన పది సెకన్లు, అన్నమంతా పట్టి చూడక్కర్లేదమ్మాయ్, ఒక్క మెతుకు చాలు, కాకపోతే గట్టి మెతుకు పట్టుకో, అనేవారు పని నేర్పిన పెద్ద ఎడిటర్, పట్టుకుంది, ముందుగా ఆ పది సెకన్లే మార్చి చూసింది, ఫాస్ట్‌లో వెనక గోడ అద్దంలా ఉంది, వేళ్ళు మాత్రం పిండిముద్ద, గోడేం మాట్లాడుతుందని, మాట్లాడేవి వేళ్ళు, అవి కలిసిపోతే అక్కకి మాటే లేదు.

నాణ్యత, వేగం, సైజు, మూడూ కావాలంటే కుదరదు, ఒకటి వదులుకో, అనేవారాయన, వేగం వదిలితే పదకొండు దాటిపోతుంది, నాణ్యత వదిలితే అక్క పోతుంది, సైజా, అమ్మో, ఫైలు చిన్నగా ఉండాలి, అందరూ అడిగేది అదే, కాస్త తగ్గించండి, తగ్గించు, ఈ మాట తనూ అంది కదూ, పన్నెండేళ్ళప్పుడు బస్సులో, చేతులు దించక్కా, అందరూ చూస్తున్నారు, అని సైగ చేస్తే అక్క ఇంకా పైకెత్తి, చూడనీవే, టికెట్టు కొనక్కర్లేదుగా, అని విరగబడి నవ్వింది, తను సిగ్గుతో కిటికీ వైపు తిరిగింది, దిగేదాకా ఇటు చూడలేదు.

ఇంతకీ ఈ ఫైలు చిన్నగా ఉండాలని ఎవరన్నారు, ఎవరూ అనలేదు, ఎవరి ఫోనుకీ పంపేది లేదు, పెన్‌డ్రైవ్‌లో వేసి గుప్పిట్లో పట్టుకుపోవడమే, మెట్లు దిగితే బడి, అలవాటు ఎంత పని చేసింది, వేగం ఫాస్ట్‌లోనే ఉంచి నాణ్యత పైకి జరిపింది, సైజు నాలుగింతలు, అయితే కానీ, పన్నెండు నిమిషాలట, మళ్ళీ ఆ పది సెకన్లే చూసింది, వాన కురుస్తోంది, ఏ వేలికా వేలు విడిగా, చిటికెన వేలి గోటి మీది మచ్చ కూడా, ఓసి నా అక్కా, కళ్ళు చెమర్చాయి, ఇన్నాళ్ళూ లోకమంతా నిన్ను కుదించిందని లోకాన్ని తిట్టుకున్నాను, మొదట కుదించమన్నది నేనే, నువ్వెంతుంటే అంతా ఉండు.