కొట్లో ఎండముక్క

పొద్దున్నే షట్టరు ఎత్తగానే సుభద్రమ్మ చేసే మొదటి పని, బల్ల మీది ఎండముక్కను మెత్తటి గుడ్డతో తుడవడం. దాని మీద దుమ్ము పడితే రంగులు మసగ్గా కనిపిస్తాయి. ఆ తరవాతే దారం కండెలు సర్దడం, సూదుల పొట్లాలు లెక్కపెట్టడం, రంగు డబ్బాల మూతలు బిగించడం.

కొట్టు అరసవల్లిలో సూర్యుడి గుడికి వెళ్ళే దారిలో ఉంది. ఒక పక్క లాడ్జి, ఇంకో పక్క కొబ్బరికాయల దుకాణం. ఎంబ్రాయిడరీ మిషన్ల వాళ్ళూ, చొక్కాల మీద పేర్లూ నంబర్లూ అచ్చు వేసేవాళ్ళూ చీపురుపల్లి నుంచి కూడా అక్కడికే వస్తారు. మిగతా కొట్లలోనైతే దారం కండె పట్టుకుని రోడ్డు మీదికి పరిగెత్తాలి. ట్యూబులైటు కింద మెరూన్ కాస్తా కాఫీ రంగులా కనబడుతుంది మరి. సుభద్రమ్మ కొట్లో ఆ తిప్పలు లేవు. చేటంత ఎండ బల్ల మీదే ఉంటుంది. దారమో రంగో అందులో పెడితే చాలు, ఏది నిలిచేదో ఏది వెలిసేదో అప్పటికప్పుడే తేలిపోతుంది.

చాలా ఏళ్ళ కిందట, స్వామి పాదాల మీద కిరణాలు పడే రోజున, గుళ్ళోకి వెళ్ళిన ఎండలోంచి ఒక ముక్క వెనక్కి వచ్చేటప్పుడు దారి తప్పి ఈ కొట్లోకి దూరింది. బల్ల మీద పడుకుని ఇక కదల్లేదు. వానలోనూ ఉంది, షట్టరు దించినా ఉంది. కరెంటు మీటరు చూసే కుర్రాడు ఒకసారి దానికేసి చూసి, "ఇది మీటరుకి ఎక్కదు కదమ్మా" అని తన దారిన తను పోయాడు.

సుభద్రమ్మకు నాసిరకం సరుకంటే ఒళ్ళు మంట. మొగుడు పోయిన కొత్తలో బుట్టలో హుక్కులూ బొత్తాలూ దారాలూ పెట్టుకుని దర్జీల గుమ్మాల చుట్టూ తిరిగింది. హోల్‌సేలు షావుకారు అంటగట్టిన నల్లదారం ఒక పెళ్ళి జాకెట్టు మీద రంగు కారింది. దర్జీ ఆమె బుట్టను నడిరోడ్డు మీదికి విసిరేశాడు. బొత్తాలు ఏరుకుంటూ ఆవిడ ఒట్టు పెట్టుకుంది. పోయే రంగు చచ్చినా అమ్మకూడదని.

"ఏటి భారతీ, సాగే గుడ్డ మీద కుట్టడానికి, అడుగున ఏసి చింపీసే కాగితం అడుగుతావేటి?" అని ఒక రోజు పొద్దున జాకెట్ల మీద ఎంబ్రాయిడరీ చేసే మనిషిని నిలదీసింది.

"అది సవగ్గా వస్తాది కదా అప్పా."

"రెండు ఉతుకులయ్యేక నువ్వు కుట్టిన నెమలి ముడుసుకుపోయి కోడిపిల్ల అయిపోతాది. అప్పుడు నన్ను తిడతావు. ఇదిగో, కత్తిరించే రకం. కుట్టు వెనకాల ఉండిపోతాది, గుడ్డని పట్టుకుంటాది. సూది కూడా మొన గుండ్రటిది తీసుకెళ్ళు."

భారతి సణుక్కుంటూనే రెండూ తీసుకెళ్ళింది.

మర్నాడు తుఫాను పట్టింది. కరెంటు పోయింది. రోడ్డంతా నీళ్ళు. ఆ మధ్యాహ్నం, ఇక షట్టరు దించేద్దామనుకుంటుంటే ఎల్లాజీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి చొక్కాల మీద నంబర్లు అచ్చువేసే చీపురుపల్లి యమున దిగింది, నెత్తి మీద ప్లాస్టిక్ పట్టా చుట్టిన మూటతో. వెనకాలే దాని చెల్లెలు బిందు, చంకలో నంబర్లు అచ్చువేసే చెక్క ఫ్రేముతో. ఇద్దరూ నిలువునా తడిశారు. మూట మాత్రం పొడిగా ఉంది.

"పిన్నీ, కొంప మునిగింది" అంది యమున. "రేపు పొద్దున ఎచ్చెర్లలో బిందూ వాళ్ళ కబడ్డీ. నంబరు లేని సొక్కాతో మ్యాట్ ఎక్కనివ్వరు. మా ఊళ్ళో ఎండా లేదు, కరెంటూ లేదు."

"ముందే ఏసుకోవాల్సింది."

"బ్యాడ్జీలు కుట్టీసాను. నంబర్లకి టైమున్నాది కదా అనుకున్నాను."

సుభద్రమ్మ బిందు వైపు చూసింది. సన్నగా, వెదురుబద్దలా ఉంది పిల్ల. మోచేతుల నిండా పాత దెబ్బల మచ్చలు.

"రేపు ఓడిపోతే ఏటవుతాది?"

"సోమవారం నుంచి జనపనార మిల్లు" అంది బిందు. "నాన్న మాటాడీసాడు. ఈ ఏడు దాటితే జూనియర్సులో ఆడ్డానికి వయసు సెల్లదు. రేపు గెలిస్తే ట్రైనింగు క్యాంపుకి తీసుకుంతారు."

ఏడవలేదు, బతిమాలలేదు. అదే సుభద్రమ్మకు నచ్చింది.

"మూట ఇప్పు."

మెరూన్ చొక్కాలు, జారిపోయే సిల్కులాంటి గుడ్డ. యమున సంచీలోంచి తెల్లరంగు డబ్బా తీసింది. సుభద్రమ్మ మూత తీసి, వేలితో ఒక చుక్క చొక్కా అంచుకు రాసి ఎండముక్కలో పెట్టింది. ముగ్గురూ వంగి చూశారు. తెలుపు చూస్తుండగానే గులాబీ రంగుకు తిరిగింది.

"ఇది కాటన్ బనీన్లకి ఏసే రంగే. ఈ గుడ్డలోని మెరూన్ పైకి పాకి తెలుపుని మింగేస్తాది. రేపు మధ్యాన్నానికి మీ నంబర్లు సబ్బుబిళ్ళల్లా ఉంతాయి." పై అరలోంచి ఇంకో డబ్బా దించింది. "ముందు ఈ బూడిదరంగు పొర, దాని మీద ఈ తెలుపు. రంగుని పైకి రానివ్వదు."

పని మొదలైంది. ఫ్రేముకు బిగించిన, మందు పూసిన జాలిగుడ్డ మీద నల్లటి అంకెల ఫిల్ము పరిచి ఎండముక్క కిందికి జరిపారు. వెలుగు తగిలిన చోట మందు గట్టిపడింది. అంకెల నీడ పడిన చోట మెత్తగా ఉండిపోయి, వాననీళ్ళు పోసి కడిగితే కరిగిపోయింది. అంకెలు ఖాళీలుగా మిగిలాయి, రంగు దిగడానికి. బిందు ఫ్రేమును పైకెత్తి అందులోంచి అక్కని చూసి నవ్వింది. ఎల్లాజీ ఆటో వదిలేసి వచ్చి చొక్కాలు పరవడానికి నిలబడ్డాడు.

"నీకు కిరాయి రాదురోయ్" అంది సుభద్రమ్మ.

"అడిగినానేటప్పా? ఈ వానలో నా బండెక్కేదెవుడు?"

మొదటి చొక్కా మీద యమున రబ్బరు పలకతో ముందు బూడిదరంగూ, దాని మీద తెలుపూ లాగింది. పాలమీగడలాంటి తెలుపు. అయితే వేడి తగలకపోతే ఆ రంగు ఆరదు, చెయ్యి పెడితే అంటుకొస్తుంది. ఇస్త్రీకి కరెంటు లేదు. బొగ్గుల ఇస్త్రీబండి నీళ్ళలో మునిగి ఉంది. చొక్కాను ఎండముక్క కిందికి జరిపారు. ఎండ అంకె మీద కూర్చుంది, రంగు బిగుసుకుంది. తీసి పక్కన పెట్టారు. రెండోది, మూడోది. పని జోరందుకుంది. ఎల్లాజీ పరుస్తున్నాడు, యమున లాగుతోంది, సుభద్రమ్మ జరుపుతోంది, బిందు మడత పెడుతోంది. బయట గాలి రేకుల్ని ఊపేస్తోంది. లోపల నలుగురికీ చెమటలు.

సగం చొక్కాలయ్యేసరికి యమున చెయ్యి ఆగిపోయింది.

"పిన్నీ, ఎండ తరిగిపోతన్నాది."

నిజమే. చేటంత ఉండేది పళ్ళెమంత అయింది. ప్రతి అంకె కాస్త కాస్త తాగేస్తోంది.

"ఆపేద్దాం పిన్నీ. ఇది పోతే నీ కొట్టుకి ఎవులొస్తారు?"

సుభద్రమ్మ బల్లకేసి చూసింది. ఆ ఎండను చూసే అంత దూరం నుంచి జనం వస్తారు. అది లేకపోతే ఇది పది కొట్లలో పదకొండో కొట్టు. రోడ్డు మీద పడ్డ బుట్ట, మట్టిలో దొర్లిన బొత్తాలు కళ్ళముందు కదిలాయి. బిందు మిగిలిన చొక్కాలను మెల్లగా మూటలోకి సర్దబోయింది. కెప్టెన్ని కదా, నాది ఆఖర్న వెయ్యండి అని ముందే చెప్పింది. ఆ మూటలో అట్టడుగున ఉన్నది దానిదే.

ఆ మూట చూడగానే సుభద్రమ్మకు కోపం ముంచుకొచ్చింది.

"ఎవుల్నడిగి సర్దుతన్నావే? నా కొట్లో సూది అరిగిపోతాది, దారం అయిపోతాది, రంగు డబ్బా ఖాళీ అయిపోతాది. వాడితే అయిపోని సరుకు ఏటున్నాదిక్కడ? ఇదీ సరుకే. ఎల్లాజీ, సొక్కా పరుసు."

పని మళ్ళీ సాగింది. పళ్ళెమంత ఎండ అరచేయంత అయింది, తరవాత తమలపాకంత. బిందు చొక్కా వచ్చేసరికి రూపాయిబిళ్ళంత మిగిలింది. సుభద్రమ్మ దాన్ని వేలితో అంకె పొడవునా మెల్లగా నడిపించింది. ఆ అంకె చివరికి వచ్చి, అది ఇక బయటికి రాలేదు. బల్ల మీద చెక్క కనిపించింది. అన్నేళ్ళలో ఆవిడ ఆ చెక్క రంగు చూడటం అదే మొదలు.

మర్నాడు సుభద్రమ్మ కొట్టు తెరవలేదు. ఎల్లాజీ ఆటోలో ఎచ్చెర్ల వెళ్ళింది.

రేకుల షెడ్డులో మ్యాట్ వేశారు. జనరేటరు మీద దీపాలు వెలుగుతున్నాయి. ఆట హోరాహోరీగా సాగింది. ఆఖరి కూత ఒక్కటే మిగిలిందనగా బిందూ వాళ్ళు ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. బిందు గీత ముట్టుకుని నుదుటికి రాసుకుని కూతకు బయలుదేరబోయింది. సరిగ్గా అప్పుడే జనరేటరు దగ్గి చచ్చిపోయింది.

షెడ్డంతా చీకటి. బయట మబ్బు బొగ్గులా ఉంది. రిఫరీ చెయ్యి ఎత్తాడు. ఆట ఆపేస్తే ఉన్న పాయింట్లే లెక్క. సుభద్రమ్మ ఎల్లాజీ జబ్బ పట్టుకుంది. మిల్లు సైరను ఆవిడ చెవిలో మోగినట్టే ఉంది.

అప్పుడు మ్యాట్ మీద తెల్లారింది. మెరూన్ చొక్కాల వీపుల మీద అంకెలు ఒక్కొక్కటే, నిద్ర లేచినట్టు, వెలగడం మొదలెట్టాయి. పొద్దుటి ఎండలాంటి వెలుగు. గీతలు కనిపించాయి, కాళ్ళు కనిపించాయి, ఎదుటి జట్టు పిల్లల ముక్కుపుడకలు కూడా కనిపించాయి. రిఫరీ గీత చూశాడు, గడియారం చూశాడు, చెయ్యి దించి ఈల వేశాడు.

సుభద్రమ్మ వెనకాల కూర్చున్న ఒకాయన పక్కవాడితో, "రంగు మంచిదేసారు" అన్నాడు.

ఎదుటి జట్టుకీ అదే వెలుగు. ఇందులో దయాదాక్షిణ్యాలేమీ లేవు. బిందు కూత పెడుతూ వెళ్ళింది, మూలనున్న పిల్ల భుజం తాకింది, వెనక్కి తిరిగేలోగా ఇంకో ఇద్దరు నడుం పట్టుకున్నారు. పడింది. పడి, ఇద్దరినీ ఈడ్చుకుంటూ, మచ్చల మోచేతుల మీద పాకి, వేలి కొస గీతకు తగిలించింది. షెడ్డు రేకులు ఎగిరిపోయేంత కేకలు. యమున ఏడుస్తూ ఎల్లాజీ వీపు మీద గుద్దుతోంది.

వారం తిరక్కుండా బిందు క్యాంపుకు బయలుదేరుతూ కొట్టుకు వచ్చింది, ఆ చొక్కా వేసుకునే. మిల్లు ఊసు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. కొట్లో భారతి ఉంది. రెండు కండెలు పట్టుకుని, రోడ్డు మీదికి పోదామా వద్దా అని గుమ్మంలో ఊగిసలాడుతోంది.

"ఒలే పిల్లా, ఒకపాలి అటు తిరుగు" అంది. బిందు తిరిగింది. భారతి రెండు కండెలూ దాని వీపు మీద ఇంకా వెలుగుతున్న అంకె దగ్గర పెట్టి చూసి, "ఇదే" అని ఒకటి ఎంచుకుంది.

సుభద్రమ్మ నవ్వు ఆపుకుని, అందరికీ చెప్పే మాటే బిందుకీ చెప్పింది. "తిరగేసి ఉతుకు. బ్రష్షు పెట్టకు. నీడలో ఆరబెట్టు."

బిందు సంచీ భుజానికి తగిలించుకుంటూ ఆగింది.

"దీన్ని నీడలో ఎలా ఆరబెడతాను పిన్నీ?"