పదకొండో సూచన

"గంజి పల్చగా పెట్టు కొండమ్మా. ఇమానంలో కూకుంటే ముడతలు పడిపోతాయి," అంది మా అత్త గురువమ్మ, తను రోజూ విమానం ఎక్కేదానిలా. సీతాలు చీరలు నాలుగు బకెట్లో నానుతున్నాయి. నా చంకలో పది నెలల పాప. సీతాలు నా ఆడపడుచు. ఎల్లుండి థాయ్‌లాండ్ వెళుతోంది. చేపలు అమ్మే, ఎండబెట్టే ఆడవాళ్ళు దేశదేశాల నుంచి వచ్చే సభ అది. వెళ్ళేది ఆమె, చీరలకు గంజి పెట్టేది నేను.

నేను మంచిదాన్నని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. ఆ నాలుగింటిలో నీలం చీరను బండకేసి రెండు దెబ్బలు ఎక్కువే బాదాను.

ఆ సభకు మొదట రాసుకున్న పేరు నాది. డాలీగంజ్‌లో మా ఇంటి వెనక నేను కట్టిన పందిరిని చూసి రాసుకున్నారు. ఈ దీవుల్లో ఏడాదిలో ఎనిమిది నెలలు వానే. నెత్తళ్ళ లాంటి చిన్న చేపలు నేల మీద ఆరబోస్తే సగం కుళ్ళిపోయేవి. నేను నడుమెత్తున వెదురు తడకలు కట్టి, పైన ప్లాస్టిక్ పట్టా వాలుగా కప్పి, కింద నుంచి గాలి ఆడేలా చేశాను. మా ఆడవాళ్ళ సొసైటీ నడిపే దీదీ టౌన్లో మిడిల్ పాయింట్ నుంచి వచ్చి, ఆ తడకల కింద దూరి మరీ చూసి, దీని గురించి అక్కడ నువ్వే చెప్పాలి అంది. పాపకు అప్పుడు నాలుగో నెల. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతోనే.

వారం తిరక్కుండా సభవాళ్ళ సూచనల కాగితం వచ్చింది, దీదీ హిందీలో రాయించి పంపింది. మా ఆయన కన్నారావు అరుగు మీద కూర్చుని, ఒక్కో అంకె చదివి, అందరికీ తెలుగులో విప్పి చెప్పాడు. పాస్‌పోర్టు నకళ్ళు రెండు తీసి వేరే వేరే చోట్ల పెట్టుకోవాలట. ముఖ్యమైన కాగితాలు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉంచుకోవాలట, పెద్ద పెట్టె దారిలో తప్పిపోవచ్చు కాబట్టి. మందులుంటే డాక్టరు చీటీ కూడా ఉండాలి. హోటల్ చిరునామా అక్కడి భాషలో రాయించుకుని టాక్సీ అతనికి చూపించాలి. మాట్లాడడానికి పది నిమిషాలే ఇస్తారు, గడియారం పెట్టుకుని ఇంటి దగ్గరే అలవాటు చేసుకోవాలి. సభ జరిగే గదులు చల్లగా ఉంటాయి, శాలువా తెచ్చుకోవాలి. నేను పాపకు పాలిస్తూ ఒక్కో మాటా మనసులో సర్దుకున్నాను. నా దగ్గర శాలువా లేదు, దీదీని అడగాలి అనుకున్నాను కూడా.

ఎవరూ నన్ను వద్దనలేదు. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ వద్దనరు. "పాలు తాగే గుంటని ఒగ్గేసి ఏ తల్లి ఎల్తాది," అంది అత్త, నాతో కాదు, తలుపుతో. ఎనిమిదో తరగతితో ఆపేశావు, అక్కడ బిత్తరపోతావు అన్నాడు మా ఆయన. నేను ఆపలేదు, ఆపించారు. మా తమ్ముడు పుట్టాడు, అమ్మ రేవుకు వెళ్ళాలి, వాణ్ణి ఎత్తుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మాట అనలేకపోయాను. పాపను వదిలి వారం రోజులు ఉండలేనని నా నోటితో నేనే దీదీకి చెప్పాను. మర్నాటికి పేరు సీతాలుకు మారింది. ఇంటర్ పాసైంది, పెళ్ళి కాలేదు, జెరాక్స్ షాపులో పని. చేపల వాసనకు ముక్కు మూసుకుని నా పందిరి పక్కనుంచి నడిచే పిల్ల.

అప్పటినుంచి చూస్తున్నాను. నా కాన్పు రోజున బోటు ఇంజన్ వదిలి రాలేకపోయిన మనిషి, చెల్లెలి పాస్‌పోర్టు కోసం మూడు రోజులు ఛుట్టీ పెట్టాడు. చక్రాల పెట్టె కొన్నాడు. దాన్ని వరండాలో అటూ ఇటూ లాగి చూసుకుని మురిసిపోయాడు. ఆ చక్రాల చప్పుడు వింటే పళ్ళు నూరుకునేదాన్ని.

మధ్యాహ్నం అత్త ఆ పెట్టెలో దుప్పటి, ప్లాస్టిక్ మగ్గు, అరడజను నిమ్మకాయలు, ఒక తాడు పెట్టింది. ఆవిడకు తెలిసిన ప్రయాణం ఓడే, బంకు అనే పడక మీద రోజుల తరబడి వాంతులు చేసుకుంటూ పోయేది.

"తాడెందుకే అమ్మా?" అంది సీతాలు.

"పెట్టిని బంకుకి కట్టవా? దొంగనాయాళ్ళు ఎత్తుకుపోరా?"

ముగ్గురం పడీ పడీ నవ్వాం. నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

తరవాత సీతాలు గడియారం పెట్టుకుని తన పది నిమిషాలు అప్పజెప్పింది. మధ్యలో ఆగి, పట్టా వాలుగా ఎందుకు వదినా అని అడిగింది. వాన నీళ్ళు జారిపోవడానికి అన్నాను. అది సగమే. ఎత్తు వైపు గాలికి ఎదురుగా ఉండాలి, లేకపోతే పట్టా లోపల ఆవిరి పట్టి బొట్లు చేపల మీదే రాలతాయి. అది తెలియడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. ఆ సగం చెప్పలేదు. అక్కడెవరైనా అడిగితే నోరు తెరుచుకుని నిలబడనీ అనుకున్నాను.

అంతలో అత్త, సభవాళ్ళకు ఎండు నెత్తళ్ళు పొట్లం కట్టమంది. విమానంలో చేపలు రానివ్వరేమో, కాగితం చూసి చెప్తానన్నాను. చూడాలనుకున్నది దానికోసం కాదు. సీతాలును గుమ్మంలోనే ఆపేసే మాట ఏదైనా అందులో ఉందేమోనని. ఆర్నెల్లుగా ఆ కాగితం పాస్‌పోర్టు ఫైల్లోనే ఉంది. ఆయన చదివాడు కదా అని నేనెప్పుడూ ముట్టుకోలేదు. నా హిందీ వేలు పెట్టి అక్షరం అక్షరం కూడబలుక్కునే హిందీ. పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని మొదలుపెట్టాను. పదోది చేపల గురించే, చెప్పకుండా తేకూడదని. పన్నెండోది శాలువా. మధ్యలో పదకొండోది ఉంది.

పాలు తాగే పిల్లలున్న తల్లులు పిల్లను వెంట తెచ్చుకోవచ్చు. పిల్లకూ, పిల్లను చూసుకోవడానికి తోడు వచ్చే ఒకరికీ టికెట్లు సభవాళ్ళే ఇస్తారు. ముందుగా తెలియజేయాలి.

మూడుసార్లు చదివాను. చదవడం రాక తప్పుగా కూడబలుక్కున్నానేమోనని నాలుగోసారి సీతాలు చేత చదివించాను. ఆమె గడగడా చదివేసి, నా ముఖం చూసి ఆగిపోయింది.

"ఇది నీకు సెప్పానన్నాడు కదా అన్నయ్య? నువ్వే వద్దన్నావంట కదా?"

లేదని తల ఊపాను. సీతాలు పెట్టె పక్కన కూలబడిపోయింది. నాకు చెప్పలేదని తనకు నిజంగా తెలీదని రెండుసార్లు అంది. నమ్మాను. అయినా మడత పెట్టిన ఆ నీలం చీర ఇంకా నాదిలాగే కనిపించింది.

సాయంత్రం ఆయన వచ్చి అన్నానికి కూర్చున్నాడు. చేపల పులుసు వడ్డించి, ఎదురుగా కూర్చుని అడిగాను.

"పదకొండోది ఎందుకు చదవలేదు మావా?"

ఆయన అత్త వైపు చూశాడు. అత్త లేచి వరండాలోకి వెళ్ళిపోయింది. కాసేపు ముద్ద కలిపి, కోపం లేకుండానే చెప్పాడు.

"సదివితే నువ్వు ఎల్తానంటావని."

నేను ఇంకా అడగకముందే మిగతాదీ ఆయనే చెప్పాడు. "తోడు ఎవరొస్తారు సెప్పు? అమ్మ ఓడెక్కితేనే సగం సచ్చిపోద్ది. నేనే రావాలి కదా. నువ్వు స్టేజీ మీద మాటాడతంటే నేను గుంటని ఎత్తుకుని హోటల్లో కూకోవాలా? బోటు మీద కుర్రాళ్ళు ఏటంటారు?"

ఆర్నెల్లు ఆ బరువును నాదని మోశాను. పిల్లను వదల్లేని తల్లినని నాకు నేనే ఎన్నిసార్లో చెప్పుకున్నాను. పిల్లను ఎత్తుకోలేని తండ్రి ఉన్నాడన్న మాట ఈ ఇంట్లో ఒక్కరి నోటా రాలేదు. ఇన్నాళ్ళూ నేను ఈర్ష్యపడింది సీతాలు మీద. అక్కడ ఆమెకు బదులు నేనుంటే ఈయన ఒళ్ళో పాప ఉండేది, అంతే.

మర్నాడు పొద్దున్నే సీతాలును పందిరి కిందకు తీసుకెళ్ళాను. ఎత్తు వైపు గాలికి ఎదురుగా ఎందుకుండాలో చూపించాను. ఆమె ముక్కు మూసుకోకుండా, తడక కింద చెయ్యి పెట్టి గాలి ఎటు పోతోందో చూసింది. ఇది కనిపెట్టింది ఎవరో పేరుతో సహా చెప్పాలి అన్నాను. కాగితం మీద మొదటి వాక్యంగా అదే రాసుకుంది. నాకు ఈర్ష్య తగ్గలేదు. అయినా చెప్పాను.

ఇంట్లోకి వచ్చి పాపకు ఉతికిన గౌను తొడిగాను. బియ్యం పొయ్యి మీద పెట్టాను, ఉడికాక వార్చమని ఆయనకు చెప్పాను. ఇంత పొద్దున్నే ఎక్కడికని అడిగితే, మిడిల్ పాయింట్‌కి అని మాత్రం చెప్పి, పాపతో బస్సెక్కాను.

అక్కడి ఫొటో స్టూడియో అతను తెల్లగుడ్డ పరిచి ముందు పాపను తీశాడు. తరవాత నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కాస్త ఎత్తమని, కెమెరా వెనక నుంచి అడిగాడు.

"పాస్‌పోర్టుకా దీదీ? ఏ దేశం?"

"ఇంకా ఎవరూ పిలవలేదు భయ్యా," అన్నాను. "తియ్యి."