పలికే బటన్

ఆస్పత్రి ఆరో వార్డులో గోడకు బిగించిన కంప్యూటర్ తెర ముందు ఆయన వంగి నిలబడి, ఆయా చూపుడువేలినే చూస్తున్నాడు. తెర మీద నీలం బటన్, దాని మీద ‘దుప్పట్లు పంపండి’ అన్న మాట. ఆవిడ ఒకసారి నొక్కింది. కాసేపు చూసింది. మళ్ళీ నొక్కింది. వేలు తుడుచుకుని మూడోసారి ఇంకా గట్టిగా నొక్కింది.

“మూడుసార్లెందుకమ్మా?”

“మరి పలకదుగా సార్! విందో లేదో నాకెలా తెలుస్తుంది?”

ఆయన నవ్వాడు గానీ, లోపల సిగ్గుపడ్డాడు. పిలిస్తే పలకని మనిషిని ఎవరైనా మళ్ళీ పిలుస్తారు. తప్పు ఆవిడది కాదు, ఆ బటన్ తయారుచేసిన తనదే.

ఆస్పత్రి కంప్యూటర్ విభాగంలో అందరూ ఆయన్ని బటన్ బాబాయి అంటారు. గొప్ప పనులన్నీ మిగతావాళ్ళు తలా ఒకటి తన్నుకుపోగా, పేజీల్లో బటన్లు పెట్టడం, వాటి మీద మాటలు రాయడం ఆయన వంతుకు మిగిలాయి. ముప్పై ఏళ్ళుగా అదే పని. సన్నటి మనిషి, ఎడమ భుజం కాస్త కిందికి జారి ఉంటుంది, టైపు చేస్తుంటే పెదవులు కదులుతాయి. “ఇంట్లో మాత్రం ఒక్క మాటా రాలదు!” అని భార్య దెప్పుతుంది. ఆ మాట నిజమే పాపం.

ఈ మూడు నొక్కుళ్ళ పుణ్యమా అని ముప్పై దుప్పట్లు కావలసిన వార్డుకు తొంభై వచ్చిపడుతున్నాయి. రేపటి నుంచి ఆయాను కింద బట్టలుతికే విభాగానికి పంపేస్తానని సూపర్‌వైజర్ కాగితం రాసిపెట్టాడు. అక్కడ తడి మూటలు మొయ్యాలి. ఆవిడకు అసలే మోకాళ్ళు అరిగిపోయాయి. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆయనకా, ఉద్యోగంలో ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రం అయిదింటికి ఆయన పాస్‌వర్డ్ మూసేస్తారు. ఆ తరువాత ఆ పేజీలో చుక్క కూడా మార్చలేడు.

మూడో అంతస్తులోని తన సీటుకొచ్చి పనిలో పడ్డాడు. నొక్కగానే బటన్ మీది మాట మారాలి, రంగు బూడిదైపోవాలి, దుప్పట్లు బయల్దేరేదాకా ఎంత నొక్కినా కదలకూడదు. మాట దగ్గరే మధ్యాహ్నం దాకా తన్నుకులాడాడు. ‘స్వీకరించబడినది’ అని రాసి, చదువుకుని, ఛీ అనుకుని కొట్టేశాడు. చివరికి ‘అందిందమ్మా, పంపుతున్నాం’ అని రాశాడు.

మూడింటికి ఫోను మోగింది. ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జి, మీసాలాయన.

“ఎవరయ్యా నన్ను అమ్మా అన్నది? నేనింకా ఏదీ నొక్కనేలేదు, అప్పుడే అందిందంటోంది!”

బాబాయి గబగబా తెర మీదికి వంగి చూశాడు. ఆరో వార్డు తెరకు మాత్రమే వెళ్ళాల్సిన మాటను ఆస్పత్రిలోని తెరలన్నింటికీ పంపేశాడు. ముప్పై ఏళ్ళ అనుభవం, కొత్తగా చేరినవాడు చేసే పొరపాటు! బటన్లన్నీ బిగుసుకుపోయి కూర్చున్నాయి. చెమటలు కక్కుతూ ప్రోగ్రామంతా వరసవరసా వెతికాడు. ఎవరు నొక్కారో వాళ్ళ తెరకే బదులు వెళ్ళేలా తిరగరాసేసరికి నాలుగున్నర. వెంటనే వార్డుకు ఫోను చేశాడు.

“సూపర్‌వైజర్‌గారు ఇక్కడే నించున్నారు సార్,” అంది ఆయా గొంతు తగ్గించి.

“భయపడకమ్మా. రోజూ ఎలా నొక్కుతావో అలాగే నొక్కు.”

ఆయన ఫోను చెవికి అదుముకున్నాడు.

“నొక్కావా?”

“నొక్కాను.”

“మళ్ళీ నొక్కావా?”

“మళ్ళీ ఎందుకు సార్? అందిందమ్మా అని చక్కగా చెప్పిందిగా!”

వెనకనుంచి సూపర్‌వైజర్ గొంతు గరగరలాడింది: “సరే సరే, ఇక్కడే ఉండు. ఆ కాగితం చించేస్తాలే.”

బాబాయి ఫోను పెట్టేసి, చాలాసేపు అరచేతులు బల్ల మీద ఆనించి కూర్చున్నాడు. ఆయనకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. సన్మానాలూ దండలూ వద్దని ముందే చెప్పి ఉండడంతో ఎవరూ ఏ హడావిడీ చెయ్యలేదు. అయిదింటికి తెర ఆరిపోయింది. సంచీ తీసుకుని, “వస్తానమ్మా,” అన్నాడు పక్కసీటావిడతో. రోజూ అనే మాటే. ఆవిడ పనిలోంచి తలెత్తకుండానే “ఊఁ” అంది.

పావుగంటకు ఆయా మెట్లు పట్టుకుని ఆయాసపడుతూ పైకొచ్చింది.

“సార్ లేరామ్మా?”

“వెళ్ళిపోయారు. రేపు రా...” అంటూనే పక్కసీటావిడ నాలిక కరుచుకుంది. “అయ్యో, నా మతి మండ! ఇవాళే కదా ఆయన ఆఖరి రోజు! వస్తానంటే మొహమైనా చూడలేదు నేను.”

ఖాళీ కుర్చీ మీద స్వెట్టర్ ఒకటి వేలాడుతోంది, ఏసీ చలికి ఆయన ఏళ్ళ తరబడి తొడుక్కున్నది. ఆయా దాన్ని తీసి దులిపింది. చేతులు లోపలికి మడిచి, అంచుకు అంచు కలిపి, ముడతల్లేకుండా అరచేత్తో రెండుసార్లు నిమిరి కుర్చీలో పెట్టింది. ఆవిడ మెట్లు దిగి వెళ్ళాక కూడా, మోచేతుల దగ్గర వేరే రంగు దారంతో రఫూ చేసిన ఆ పాత స్వెట్టర్, ఇస్త్రీ చేసిన బట్టలా పొందికగా, ఆయన కూర్చునే చోటే ఉంది.