పోపుల డబ్బా మీద మాట

మొదట్లో అప్పాజీ చేతిలో ఉన్నవి ఇవి: తణుకులో ఒక స్టీలు సామాన్ల కొట్టు, సామాన్ల మీద పేర్లు కొట్టే మిషను, వర్తక సంఘం వార్షికోత్సవంలో ఆడవాళ్ళకు పంచడానికి రెండు వందల పోపుల డబ్బాలు, జేబులో మడతలు నలిగిన పేపరు ముక్క ఒకటి. లేనిదల్లా ఓపిక.

ఆ ముక్కలో ఉన్నది మూడు భాగాల కథనంలో మొదటిది; రాసింది ఆశాజ్యోతి, మండల విలేకరి. కూలికెళ్ళే ఆడవాళ్ళు కడుపునొప్పని ఆస్పత్రికి వెళ్తే ముప్పై ఏళ్ళకే గర్భసంచి తీసేస్తున్నారని, ఇల్లిల్లూ తిరిగి, వాళ్ళ కాగితాలన్నీ చూసి మరీ రాసింది. ఈ ఏడు ఉత్తమ విలేకరి సత్కారం ఆమెకే ఇవ్వాలని పట్టుబట్టింది కార్యవర్గంలో ఉన్న అప్పాజీయే. సంఘం ఒప్పుకుంది. చిక్కు ఆ తర్వాత మొదలైంది.

“సన్మానపత్రంలో ఆ మాట తీసేద్దామండి,” అన్నాడు అధ్యక్షుడు జగన్నాథరావు.

“ఏ మాటండి?”

“అదేనండీ... ఆ సంచి. సభలో ఆడోళ్ళుంటారు.”

“వాళ్ళకే కదండీ ఉండేది!”

కార్యదర్శి సురేష్‌బాబు మధ్యలో దూరాడు. “వివిధ సమస్యలపై కృషి అని వేసేద్దామండి. గౌరవంగా ఉంటాది.”

“వీధి కుక్కల మీద రాసిందనుకుంటారయ్యా!”

ఎంత మొత్తుకున్నా వివిధ సమస్యలే గెలిచాయి. ఫ్లెక్సీ వచ్చింది. అందులో సంఘం పెద్దల ముఖాలు పద్నాలుగు. ఆశాజ్యోతి ముఖం లేదు.

“ఆవిడ ఫొటో ఏది?”

“చోటు చాల్లేదండి,” అన్నాడు సురేష్‌బాబు.

మర్నాడు ఆశాజ్యోతి కొట్టుకి వచ్చింది. “నాకు శాలువా వద్దండి అప్పాజీగారూ. ఇంట్లో నాలుగున్నాయి, మా అమ్మ చర్చికి కప్పుకెళ్తంది. నేను రాసింది అబద్ధమని మా ఆఫీసుకి ఆస్పత్రులోళ్ళ ఫోన్ల మీద ఫోన్లు. మిగతా రెండు భాగాలు ఆపేస్తామంటున్నారు. మీ సంఘం ఆ మాట పైకి అంటే వేస్తారు. లేకపోతే ఇక్కడితో సరి.”

ఆ పూట అన్నం ముందు కూర్చుని అప్పాజీ సంఘాన్ని పేరుపేరునా తిట్టాడు. “ఒక్క మాట పలకడానికి నోరు రాదు, పిరికి సన్నాసులకి!”

భార్య సూర్యకళ మజ్జిగ పోస్తూ వింది. “మరి మీ నోరో? నాకు ఆపరేషన్‌కి డేటిచ్చాక మీ జేబులో ఉన్న ఆ పేపరు ముక్క చదివే కదా, రాజమండ్రిలో ఇంకో డాక్టరమ్మకి చూపించుకున్నాం? అక్కర్లేదంది, మాత్రలతో సరిపోయింది. వీధిలో ఏం చెప్పారు? కళ్ళు చూపించుకోడానికి వెళ్ళామన్నారు.”

అప్పాజీ ముద్ద కంచంలోనే వదిలేశాడు. తిట్టిన తిట్లన్నీ తన ఖాతాలోనే పడ్డాయి. చెయ్యి కడుక్కుని వెళ్ళి మిషను ముందు కూర్చున్నాడు. రెండు రోజులు తిండికి తప్ప లేవలేదు.

సభలో జగన్నాథరావు వివిధ సమస్యలు చదివాడు, శాలువా కప్పాడు. చప్పట్లు పొడిపొడిగా పడ్డాయి. ఆ తర్వాత డబ్బాలు పంచారు. ముందు వరసలో గుసగుస పుట్టింది. అంతలో ఒకావిడ మూత పైకెత్తి గట్టిగా చదివేసింది: “గర్భసంచి తీయించుకునే ముందు ఇంకో డాక్టరును అడగండి. ఇది రాసిన ఆశాజ్యోతికి వర్తక సంఘం సత్కారం.”

జగన్నాథరావు ముఖం మాడిపోయింది. “ఏంటండీ ఇది? చెరిపించండి!”

“స్టీలు మీద కొట్టిందండి. చెరగదు.”

“ఎవరినడిగి కొట్టారు?”

“మా ఆవిణ్ణి.” అప్పాజీ మైకు అందుకున్నాడు. కళ్ళ డాక్టరు మాట అబద్ధమని, అసలు జరిగింది ఇదని చెప్పాడు. చెప్పేసరికి చొక్కా చెమటతో తడిసిపోయింది.

ముందు వరసలోంచి జగన్నాథరావు భార్య పెద్దింట్లమ్మ లేచింది. “ఏమండీ, మరి నాది తీయించేటప్పుడు మీరు ఎవరినడిగారు?”

ఈసారి చప్పట్లు హాలు దద్దరిల్లేలా పడ్డాయి.

లెక్క తేలాక పోయినవి: కార్యవర్గంలో అప్పాజీ కుర్చీ, అరిగిపోయిన మిషను ములుకు. వచ్చినవి: డబ్బా ఫొటోతో సహా పేపర్లో ఆశాజ్యోతి మిగతా రెండు భాగాలూ, రెండు వందల వంటిళ్ళలో ఆ మాట. జగన్నాథరావు తమ ఇంటి డబ్బా కోపంగా తిప్పి పంపాడు గనక ఒక రోజు పాటు నూట తొంభై తొమ్మిదే. మర్నాడు పెద్దింట్లమ్మ స్వయంగా కొట్టుకి వచ్చి దాన్ని పట్టుకెళ్ళింది.