కట్ట వైపు జీవాలది

చెరువులు తెగి వరంగల్ కాలనీల్లో పడవలు తిరిగిన వరద తరువాత మూడో ఏడు ఇది జరిగింది. అంకెల్లో చెప్పమంటే నాకు రాదు. మూడో తరగతి దాకా చదివాను. ఆ వరదలో మా కొట్టం కూలి పదకొండు గొర్రెలు పోయాయి. మిగిలినవి, వాటి పిల్లలు కలిపి ఆ ఏటికి నలభై రెండు జీవాలు.

మాది ఖిలా వరంగల్. ఇల్లు కోట లోపల, మేత కోట బయట. రెండింటికీ నడుమ మట్టికోట కట్ట కింద ఒక బాట ఉంది. ఒక పక్క కట్ట, ఇంకో పక్క కందకం. ఎండాకాలంలో కూడా కందకంలో నడుము లోతు నీళ్ళుంటాయి, అడుగున బురద. దిగిన గొర్రె పైకి రాదు. మా తాత ఆ బాటనే మందను తోలాడు, నాయిన తోలాడు, నేను అరవై ఏళ్ళుగా తోలుతున్నాను.

వరద వచ్చిన మరుసటి ఏడు ఆ బాటను చదును చేసి ఎర్రమన్ను పోశారు. బెంచీలు వేశారు. అప్పటి నుంచి పొద్దున్నే నడిచేవాళ్ళు రావడం మొదలైంది. కొందరు ఉరుకుతారు, కొందరు సైకిళ్ళు తొక్కుతారు, కొందరు చేతులు ఊపుకుంటూ ముచ్చట పెడుతూ పోతారు. వాళ్ళు వచ్చినందుకు నాకు కోపం లేదు. బాట ఏ ఒక్కరిదీ కాదు. కానీ ఒక్క సంగతి ఓర్చుకోలేకపోయేవాణ్ణి. ఎదురుగా వచ్చిన ప్రతి మనిషీ నా జీవాలను కందకం వైపు నెట్టేవాడు. చేత్తో కాదు. మంద దగ్గరికి రాగానే తాను పోయి కట్టను ఆనుకొని నిలబడేవాడు. ఇక జీవాలు ఎటు పోవాలి?

మా దగ్గర కట్ట వైపు ఎప్పుడూ జీవాలకే వదులుతారు. మనిషి కందకం అంచున నిలబడతాడు. మనిషికి అంచు తెలుస్తుంది, బెదిరిన గొర్రెకు తెలియదు. ఇది మా వాడలో ఎవరికీ చెప్పే పని లేదు, నడక వచ్చిన పిల్లలకు కూడా తెలుసు. అందుకే నేను ఎవరికీ చెప్పలేదు. వీళ్ళు కావాలనే చేస్తున్నారు అనుకున్నాను. రెండేళ్ళు అట్లాగే అనుకుంటూ, పళ్ళు కొరుక్కుంటూ, మంద వెనకాల నడిచాను.

రోహిణి కార్తె ఎండలు. ఆ రోజుల్లో తెల్లవారగానే తోలుకుపోయి పది కాకముందే తోలుకు రావాలి. ఎండకు భయపడి నడిచేవాళ్ళు కూడా అదే పొద్దుకు వస్తారు. ఒకనాడు మలుపు దగ్గర నా నల్లపొట్టేలు ఒకావిడను కుమ్మింది. నేను మంద వెనక ఉన్నాను, కేక విని ఉరికాను. ఆమె కట్ట మొదట్లో పడి ఉంది. పేరు మార్తమ్మ. పెద్ద దవాఖానలో నర్సుగా చేసి రిటైరయింది. మట్టెవాడ నుంచి వస్తుంది.

లేపబోతే నన్ను కసిరింది.

“ముట్టకు. మణికట్టు ఇరిగింది, నాకు తెలుస్తాంది. నీ రుమాలియ్యి.”

తలకు చుట్టుకున్న రుమాలు ఇచ్చాను. ఒంటిచేత్తో తానే మెడకు తగిలించుకుంది. చుట్టూ జనం చేరి నన్ను తిడుతున్నారు. నేను పొట్టేలు కొమ్ములు పట్టి ఆపాను. నాకు మాటలు తక్కువ.

ఆదివారం నడిచేవాళ్ళ సంఘం బెంచీల దగ్గర కూర్చుంది. నన్ను రమ్మన్నారు. నా భార్య మొగిలమ్మ కూడా వచ్చింది. నేను మాట్లాడనని ఆమెకు తెలుసు. సంఘానికి పెద్ద రాజేశ్వర్ రావు, కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయినాయన. మంచిగానే చెప్పాడు.

“రాయమల్లూ, నీ మీద మాకేం కక్ష లేదు. గని ఇయ్యాల మార్తమ్మ మేడంకు అయింది, రేపు ఇంకొకలకు అయితది. బాట మొదట్ల ఒక తిరుగుడు గేటు పెడ్తానం. పర్మిషన్ గుడ వచ్చింది. మనిషి పట్టుతడు, జీవం పట్టది.”

“మనిషి పట్టే సందుల గొర్రె పట్టదా సారూ?” అంది మొగిలమ్మ. “మీ బొర్ర ఆగుతది గావచ్చు గని మా గొర్రె ఆగది.”

నలుగురు నవ్వారు. రావు సారు పొట్ట సర్దుకున్నాడు.

“అది పైపులతోని తిరుగుతదమ్మా. నెట్టుకుంట పోవాలె. జీవాలకు నెట్టొస్తదా? సైకిళ్ళోళ్ళకు పక్కన తాళమేసే చిన్న గేటు పెడ్తం.”

“మరి మేం ఎట్ల పోవాలె?”

“బయట రోడ్డున్నది గద. లేకుంటే పదింటికి తోలుకపోండ్రి, మేం అందరం పోయినంక. అప్పుడు తాళం తీపిస్తం.”

“పదింటికి మీరు నడువుండ్రి సారూ. మేం నీడకు కూసోని జర చూస్తం.”

ఈసారి ఎవరూ నవ్వలేదు. రావు సారు నా వైపు తిరిగాడు. “నువ్వేమంటవ్?”

బాట చదును చేసిన నెల రోజులూ బయట రోడ్డు మీదనే తోలాను. నాలుగో రోజు రెండు గొర్రెలు లారీ కింద పడ్డాయి. ఒకటి చూలుది. ఆ రోడ్డు మీద నలభై రెండు జీవాలను రోజూ రెండుసార్లు తోలడం నా వయసుకు కాదు. బాట మూస్తే మంద అమ్మాల్సిందే. ఇదంతా చెప్పాలని ఉంది. నోట్లో నుంచి వచ్చింది మాత్రం ఇంతే:

“రోడ్డు మీద లారీలు సారూ.”

ఆయన కాసేపు చూశాడు, ఇంకేమైనా అంటానేమో అని. వెల్డింగ్ పనివాడు ఎల్లుండి పొద్దున వస్తాడని చెప్పి లేచారు. పైపులు అప్పటికే వచ్చి బెంచీ పక్కన పడి ఉన్నాయి.

తోవ పొడుగునా మొగిలమ్మ తిట్టింది.

“రోడ్డు మీద లారీలట! అది ఆయనకు తెల్వదా? నీ నోట్లె ముత్యాలున్నయా, తెరిస్తె రాల్తయా? అమ్ముదాం పా. అమ్మి ఇంట్ల కూసుందాం.”

“అమ్మేది లేదు,” అన్నాను.

“మరేం జేస్తవ్?”

“బాట ఇడువ.”

ఏం చేస్తానో నాకూ తెలియదు. కానీ ఆ ఒక్కటి మాత్రం తేల్చుకున్నాను. అసలు మార్తమ్మ కట్ట వైపు ఎందుకు జరిగిందో, ఆమె నోటితోనే వినాలనుకున్నాను.

మరునాడు జీవాలను కొట్టంలోనే ఉంచి మట్టెవాడ పోయాను. అడుక్కుంటూ పోతే ఇల్లు దొరికింది. మార్తమ్మ చేతికి పిండికట్టు వేసుకొని కుర్చీలో ఉంది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

“రా అన్నా. నీ రుమాలు ఉతికి పెట్టిన. కూసో.”

నేను కింద కూర్చోబోతే కుర్చీ చూపింది. కూర్చున్నాను. ఛాయ్ వచ్చింది. తాగాను. ఆమె చూస్తూనే ఉంది.

“ఊకె ఛాయ్ తాగ రాలేదు గద నువ్వు. అడుగు.”

“నువ్వు కట్ట దిక్కు ఎందుకు జరిగినవమ్మా?”

“ఎందుకేంది? నీ జీవాలకు తొవ్వియ్యనీకి.”

“కట్ట దిక్కు జరిగితె తొవ్వెట్లయితది?”

“ఎడమకు జరిగిన. మేమందరం ఎడమ పక్కకే నడుస్తం, ఎవరన్న ఎదురొస్తె ఎడమకే జరుగుతం. సంఘంల అదే పద్ధతి. రోడ్డు మీదైనా అంతే గద. నేను మర్యాదకు జరిగితె నీ పొట్టేలు సీదా నా మీదికే వచ్చింది.”

నేను లేచి బల్ల దగ్గరికి పోయాను. అక్కడ ఆమె మాత్రల డబ్బా ఉంది. దాన్ని కట్ట అనుకొని పెట్టాను. ఎదురుగా నీళ్ళ గ్లాసు పెట్టాను, అది కందకం. నడుమ నా ఛాయ్ కప్పును మందలాగా జరిపాను. ఆమె తన కళ్ళద్దాలు తీసి రెండో దిక్కు నుంచి జరిపింది, అది ఆమె. అటు నుంచి వస్తే ఆమెకు ఎడమ పక్కన మాత్రల డబ్బా. నా కప్పు కూడా డబ్బాను ఆనుకొనే పోతుంది. రెండూ పోయి ఠక్కుమని తగిలాయి.

ఆమె కళ్ళద్దాలు తీసి తిరిగి పెట్టుకుంది.

“అంటే జీవాలు ఎప్పుడు కట్ట పక్కకే వస్తయా?” అంది.

“వస్తయి. పుట్టినప్పటి సంది అదే అలవాటు. మనిషి కందకం దిక్కు నిలబడాలె. కదలకుండ నిలబడితె అవే పోతయి.”

“ఈ మాట రెండేండ్ల సంది ఎందుకు చెప్పలె?”

“అందరికి తెలుసనుకున్న.”

“మాకెట్ల తెలుస్తదన్నా? నేను ముప్పై ఏండ్లు సూదులేసిన, గొర్రెలు కాసిన్నా?” అని నవ్వింది. నవ్వితే చేయి నొప్పి లేచింది. నొప్పి తగ్గేదాకా పళ్ళు బిగబట్టి ఉంది. తరువాత గొంతు మారింది.

“ఇంకొక మాట చెప్త, కోపానికి రాకు. ఆ పొద్దు నువ్వెక్కడున్నవ్?”

“మంద ఎనక.”

“నాకు నువ్వు కనవడనే లేదు. మలుపు తిరిగెటాల్లకు కొమ్ములు కనవడ్డయి. నువ్వు ముందటుండి ‘ఆగు, అటు నిలబడు’ అని ఒక్క మాట అంటె నేను నిలబడకపోదునా? కట్ట దిక్కు జరిగింది నా తప్పయితె, నోరు తెరువంది నీ తప్పు.”

ఆమె అన్నది నిజమే.

“నువ్వు రావు సారుకు చెప్తవా?” అని అడిగాను.

“నేను చెప్పను. గేటు నా చెయ్యి పేరు మీదనే పెడ్తాన్రు. నేను వద్దంటె మేడంది మంచి మనసు అని మెచ్చుకొని, గేటు పెట్టుడు పెడ్తరు. నువ్వే చెప్పాలె. నేను రేపు ఆరింటికి వస్త. నడుస్త గుడ. కాలు ఇరగలేదు గద.”

రుమాలు చంకన పెట్టుకొని ఇంటికి నడిచాను. అంతమంది ముందు ఏ మాట ముందు చెప్పాలి, ఏది వెనక చెప్పాలి అని తోవ పొడుగునా మనసులో పేర్చుకున్నాను. ఇల్లు చేరేసరికి ఒక్కటీ నిలవలేదు. నోటితో నా వల్ల కాదు, కళ్ళకు చూపించాలి అనుకున్నాను. మొగిలమ్మతో చెప్పాను.

“రేపు మందను నువ్వు తోలుకరా. ముందట నడువు.”

“నువ్వో?”

“నేను నడిచేటోళ్ళతోని వస్త.”

“బూట్లు కొనుక్కొచ్చినవా?” అంది. కానీ ఒప్పుకుంది.

మరునాడు పొద్దున ఆరింటికి నేను బాటకు ఆ కొసన, బెంచీల దగ్గర ఉన్నాను. వెల్డింగ్ పనివాడు వచ్చి పైపుల మీద కూర్చున్నాడు. రావు సారు, మార్తమ్మ, ఇంకా పది పన్నెండు మంది ఉన్నారు. వట్టి చేతులతో నిలబడ్డ నన్ను చూసి రావు సారు జీవాలేవి అన్నాడు.

“వస్తానయి సారూ. మీతోని జర నడుస్త.”

నడిచాను. వాళ్ళ దిక్కు నుంచి, వాళ్ళ నడుమ. నా చెప్పుల చప్పుడు నాకే కొత్తగా ఉంది. మలుపు దగ్గరికి రాగానే దుమ్ము లేచింది, మొగిలమ్మ కనిపించింది, ఆమె వెనక నల్లపొట్టేలు, దాని వెనక బాట నిండా తలలు. అరవై ఏళ్ళు ఆ మందను వెనక నుంచే చూశాను. ముందు నుంచి చూడడం అదే మొదలు. అన్ని కొమ్ములు ఒక్కసారిగా మీదికి వస్తుంటే, కుడి పక్కన కందకం నోరు తెరుచుకొని ఉంటే, నా కాళ్ళు నన్ను అడగకుండానే కట్ట వైపు రెండు అడుగులు వేశాయి.

వాళ్ళు కావాలని చేయలేదు. ఎవరైనా అదే చేస్తారు. నేనే చేశాను.

అప్పుడు తిరిగి కందకం అంచుకు పోయి నిలబడ్డాను. నిలబడి, ఊపిరి పీల్చుకొని అరిచాను.

“ఇటు రాండ్రి! అందరు కందకం దిక్కు రాండ్రి! కట్ట దిక్కు జీవాలది! కదలకుండ నిలబడుండ్రి!”

మార్తమ్మ ముందు వచ్చి నా పక్కన నిలబడింది, పిండికట్టు చేయి రొమ్ముకు ఆనించుకొని. ఆమెను చూసి తక్కిన వాళ్ళు వచ్చారు. రావు సారు ఒక్కడు బాట నడుమ నిలబడి అటా ఇటా అని చూస్తున్నాడు.

“సారూ, జల్ది!” అని చేయి పట్టి గుంజాను.

పొట్టేలు కట్టను రాసుకుంటూ పోయింది. మా వైపు తల కూడా తిప్పలేదు. దాని వెనక నలభై ఒక్కటీ పోయాయి. రావు సారు గడియారం చూసుకున్నాడు. “రెండు నిమిషాలు గుడ కాలేదు,” అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. తరువాత నన్ను చూశాడు. “ఈ ముచ్చట మొన్న ఎందుకు చెప్పలేదయ్యా?”

“నా తప్పే సారూ,” అన్నాను. “నేను ఎనకుంటి. ఇగ ముందటుంట. ఎదురొచ్చినోళ్ళకు చెప్త. సైకిల్ వస్తె మందనే ఆపుత. బాట మాత్రం మూయకుండ్రి. రోడ్డు మీద రెండు జీవాలు లారీ కింద పడ్డయి. మంద పోతె నాకు ఇంకో పని రాదు.”

నేను ఒక్క దమ్మున అన్ని మాటలు మాట్లాడడం మొగిలమ్మ కూడా ఎరగదు. దూరం నుంచి వెనక్కి తిరిగి చూస్తోంది.

వెల్డింగ్ పనివాడు కొస నుంచి కేకేశాడు. “సారూ, గుంత తవ్వాల్నా వద్దా?”

రావు సారు మార్తమ్మను చూశాడు. ఆమె గడ్డంతో నన్ను చూపింది.

“ఆగు,” అన్నాడు. “పైపులు ఆడనే ఉండనియ్యి. వానలు పడేదాక చూద్దాం. రాయమల్లూ, మా సంఘపోళ్ళకు నేను చెప్త. కొత్తోళ్ళకు నువ్వే చెప్పాలె. ఒక్కలు పడ్డా నేను మల్ల ఆగ.”

“సరే సారూ.”

ఉరికి మందను అందుకున్నాను. మొగిలమ్మను వెనక్కి పొమ్మని, పొట్టేలు ముందు నేను నిలబడ్డాను. అక్కడి నుంచి మేత దాకా ఇంకా పదహారు మంది ఎదురయ్యారు. చెవుల్లో వైర్లు ఉన్నవాళ్ళకు చేతులు ఊపాను. సైకిల్ పిల్లలు వస్తే మందను కట్టకు ఆనించి ఆపాను. పదహారు మందికీ చెప్పాను.