రెండు వైపులా చెక్కిన రాయి

నేను ఒక శంకుస్థాపన రాయిని. పుట్టింది చీమకుర్తి క్వారీలో. మరతో కోసి, ఒక ముఖాన్ని అద్దంలా నునుపు చేశారు. రెండో ముఖాన్ని గరుకుగానే వదిలేశారు, వెనక ఎవరు చూస్తారని. చెక్కేవాడు మంత్రిగారి పేరు బెత్తెడు అక్షరాలతో, సిమెంటు కంపెనీ పేరు అంతకంటే చిన్నగా చెక్కి బంగారు రంగు దిద్దాడు. ఊరి పేరుకు చోటు చాలక అంచున ఇరికించాడు.

నన్ను పొదిలి దగ్గర ఒక బీడులో, కొత్త ఫ్యాక్టరీ కట్టబోయే చోట, ఇటుక గోడకు ఆనించి నిలబెట్టారు. మంత్రిగారు తెర లాగబోతే తాడు ముడిపడింది. కాపలాదారు మాలకొండయ్య గబగబా వచ్చి విప్పాడు.

మాలకొండయ్య అదే కంపెనీ పాత ఫ్యాక్టరీలో లారీ తోలినవాడు. బోనసు వచ్చినప్పుడల్లా కంపెనీ షేర్లు కొని దాచుకున్నాడు. అవి అమ్మి సొంత లారీ కొనాలని అతని ఆశ.

ఆ సాయంత్రానికే షేరు ధర ఎగిరింది. ఎదురుగా టీ బంకు నడిపే బావమరిది ఏడుకొండలు ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"బావా, రాయి నిలబెడితేనే ఇంత లేచిందే, పొయ్యి రాజేస్తే ఇంకెంత లేస్తదో! అమ్మబాక."

క్యారేజీ తెచ్చిన భార్య అచ్చమ్మ మూతి తిప్పింది. "లారీకి సరిపోను వచ్చిందిగా, అమ్మేయవయ్యా. పొగగొట్టం లేచేదాకా నీ షేరు అట్టానే నిలబడి ఉంటదా?"

మాలకొండయ్య క్యారేజీ విప్పి అన్నం తిన్నాడు. షేర్లు మాత్రం అమ్మలేదు.

కంపెనీ బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి యంత్రాలు దించింది. కట్టడం మొదలుకాక అవి టార్పాలిన్ల కింద కూర్చున్నాయి. కూర్చోవడం రాయికి చెల్లుతుంది గాని యంత్రానికి చెల్లదు. అది పనిచేయకపోయినా దానిమీది వడ్డీ పనిచేస్తూనే ఉంటుంది. ముందు బ్యాంకుకు వడ్డించగా మిగిలిందే షేరున్నవాడి విస్తట్లో పడేది. నన్ను చూసి ధర పెంచిన మనుషులు ఆ సంగతి ఎందుకు తలచుకోరో నాకు అంతుపట్టలేదు.

ఎన్నికలొచ్చాయి, ప్రభుత్వం మారింది. భూమి కేటాయింపు, కరెంటు రాయితీ మళ్లీ పరిశీలిస్తామన్నారు. పాత ఫ్యాక్టరీలో ఒక్క బస్తా తగ్గలేదు, అయినా షేరు దొర్లిపోయింది. ఎవరో నా మీది పేరుకు పేడ కొట్టిపోయారు. మాలకొండయ్య కడిగాడు. మంత్రిగారి మీద ప్రేమ కాదు, తను కొనబోయే లారీకి మురికి అంటినట్టు బాధపడ్డాడు. పొద్దస్తమానం నా చుట్టూ తిరిగేవాడు. ఫోను తీసేవాడు, జేబులో పెట్టేవాడు, మళ్లీ తీసేవాడు. అతని అడుగుల అదురు నాలోకి ఎక్కి, కదలకుండా ఉండటమే పుట్టుకైన నాకూ కుదురు పోయింది.

చివరికి కొత్త ప్రభుత్వంతో కంపెనీకి రాజీ కుదిరింది. కొత్త మంత్రిగారు మళ్లీ శంకుస్థాపన చేస్తారట. ఇక్కడ అది మామూలే. గద్దె మారితే రాయీ మారాలి. మేనేజరు చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు.

"ముహూర్తం ఎల్లుండే. కొత్త రాయికి టైం లేదు, దీన్నే తిప్పండి."

గరుకు ముఖాన్ని అక్కడికక్కడే మరతో రుద్ది, కొత్త పేరు చెక్కించారు. నన్ను ఎత్తినవాళ్లలో మాలకొండయ్య ఒకడు. పాత ముఖం గోడవైపు పోయింది. అతను కొత్త అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. అదే కంపెనీ, అదే ఫ్యాక్టరీ. మంత్రిగారి పేరొక్కటే వేరు.

టీవీలో భారీ పెట్టుబడి అన్నారు. షేరు మళ్లీ లేచింది, మునుపటంత కాదు గాని లేచింది.

"బావా, ఇంకో రాయి పడింది!" ఏడుకొండలు ఊగిపోయాడు. "బంకు అమ్మేసి షేర్లు కొంటున్నా. నువ్వూ కొను."

"ఇంకో రాయి కాదురా. అదే రాయి, తిప్పాం."

"తిప్పితే ఏందంట? మొహం కొత్తదేగా!"

"యంత్రాల మీద దుమ్ము పాతదేరా. వడ్డీ కూడా పాతదే. నేను అమ్మేస్తన్నా."

"పిరికోడివి బావా నువ్వు. మా అక్క నీతో ఎట్టా ఏగుతుందో!"

మాలకొండయ్య ఆ పూటే అమ్మేశాడు. కొత్త లారీకి చాలలేదు. తలుపు తాడుతో కట్టిన పాత లారీ వచ్చింది. అచ్చమ్మ దానికే పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టింది. అతను కాపలా మానేశాడు. ఏడుకొండలు మాత్రం అన్నట్టే బంకు అమ్మి షేర్లు కొన్నాడు.

అప్పు మోయలేక కంపెనీ కొత్తగా మరిన్ని షేర్లు అమ్మింది. ఉన్న ఒక్క దోసెనే ఇంకా ఎక్కువమందికి తుంచినట్టయింది. ధర కూలింది. తెలిసీ గట్టిగా ఆపలేదని ఏడుకొండలు ఊరంతా బావను తిట్టుకుంటూ తిరిగాడు.

మళ్లీ ఎన్నికలంటున్నారు. నాకు మూడో ముఖం లేదు.

నిన్న ఏడుకొండలు నా దగ్గరికి వచ్చాడు. చాలాసేపు కొత్త పేరు చూశాడు. తర్వాత గోడకూ నాకూ మధ్య సందులో చెయ్యి దూర్చాడు. పాత అక్షరాలు వేళ్లకు తగిలాయి. చెయ్యి అక్కడే ఆగిపోయింది. తర్వాత మెల్లగా ఫోను తీశాడు. పాత ఫోను, అవతలి మాట నాకూ వినపడింది.

"బావా... నీ బండికి క్లీనర్ కావాలంట గదా?"

"యాడున్నావురా?"

"రాయి కాడ."

"ఆడనే ఉండు. అటే వస్తన్నా."

ఏడుకొండలు నాకు వీపు ఆనించి కూర్చున్నాడు.